మూడో ఫేడరు

ఆ పొద్దున మబ్బు కురవనూ లేదు, కదలనూ లేదు. పిండకుండా ఆరేసిన దుప్పటిలా ఇళ్ళ మీద వేలాడుతోంది. ఆకు కదలడం లేదు. స్టూడియో మెట్ల దగ్గర చెప్పులు విడుస్తూ మాస్టారు తలెత్తి ఒకసారి చూశాడు. ఇలాంటి రోజు గొంతులు బరువుగా పలుకుతాయని ఆయన లెక్క. కానీ ఇవాళ పాడేవాళ్ళు ఎవరూ రారు. పాడటం పోయిన వారమే అయిపోయింది. ఇవాళ్టి పని కలపడం.

అందరూ మాస్టారనే పిలుస్తారు గానీ ఆయన ఎవరికీ పాఠం చెప్పింది లేదు. చెప్పడానికి నోట్లో మాటలుంటే కదా. పాటలో ఏ వాయిద్యం ఎంత వినపడాలో, గొంతు ఎక్కడ ముందుకు రావాలో, ఎక్కడ తగ్గాలో చూసి సర్దడం ఆయన పని. ఆ పని చెయ్యి చేస్తుంది. నోటితో పనిలేదు.

బల్ల మీద ఒక పెట్టె ఉంది. దాని మీద వరసగా ఎనిమిది ఫేడర్లు, పైకీ కిందికీ జరిగే బొటనవేలంత మీటలు. పాతకాలపు పెద్ద మిక్సర్‌లో అయితే ఫేడరులోంచి శబ్దమే పారేది, కాలవ తూములోంచి నీళ్ళు పారినట్టు. ఈ పెట్టెలో శబ్దం చుక్క కూడా ఉండదు. మీట ఎంత ఎత్తులో ఉందో చెప్పే ఒక అంకె మాత్రం, సున్నాకీ నూట ఇరవై ఏడుకీ మధ్య, తీగలోంచి కంప్యూటర్‌కి పోతుంది. ఏ మీట అంకె ఏ ట్రాక్‌కి, అంటే విడిగా రికార్డు చేసిన ఏ గొంతుకి, ఏ వాయిద్యానికి పోవాలో ముందే కంప్యూటర్‌కి చెప్పి లంకె వెయ్యాలి. మూడో ఫేడరుకి పాడినామె గొంతుని లంకె వేశాడు. రాసుకోమని బొత్తాం నొక్కి పాట నడిపిస్తే, చెయ్యి ఎలా జరిగితే తెర మీద అలా గీత పడుతుంది. ఆ తర్వాత చెయ్యి తీసేసినా ఫరవాలేదు. కంప్యూటర్ ఆ గీత చూసుకుంటూ తెర మీది ఫేడర్ని తనే జరుపుతుంది.

పాట చివర ఒక పొడుగు స్వరం ఉంది. వాయిద్యాలన్నీ ఆగిపోయాక గొంతు ఒక్కటే మిగలాలి. మిగిలి, ఎప్పుడు పోయిందో తెలియకుండా పోవాలి. పదకొండు సెకన్లు. నూతిలోకి చేద దింపుతూ, నీళ్ళకి తగిలిన చప్పుడు రాకుండా దింపడం లాంటి పని. ఆయన చూపుడువేలు ఫేడరు మీద పెట్టి, కళ్ళు మూసుకుని దించాడు. తర్వాత వెనక్కి తిప్పి విన్నాడు.

గొంతు వణికింది.

ఇంకోసారి విన్నాడు. పాడినామెకి ముప్ఫై ఏళ్ళు లేవు. చివర మాత్రం డెబ్భై ఏళ్ళ మనిషి పాడినట్టుంది. గొంతు ట్రాక్‌ని ఒక్కదాన్నే, ఫేడరు గీత తీసేసి విన్నాడు. శుభ్రంగా ఉంది. మళ్ళీ గీత పెట్టాడు. వణుకు. తెర మీద ఆ చోటుని పెద్దది చేసి చూశాడు. దుక్కి చాలులా తిన్నగా దిగాల్సిన గీత రంపం పళ్ళలా ఉంది. ఎనభై ఎనిమిది, ఎనభై తొమ్మిది, ఎనభై ఏడు, మళ్ళీ ఎనభై ఎనిమిది.

“మూడోది మళ్ళీ పోయింది,” అన్నాడు ఖాళీ గదిలో.

ఫేడరు లోపల ఒక నల్లటి పట్టీ ఉంటుంది. అది అరిగినా, దుమ్ము పట్టినా అంకెలు ఇలాగే గెంతుతాయి. పోయిన వారం కూడా ఇలాగే గెంతితే బావ వచ్చి బాగుచేసి వెళ్ళాడు. బావంటే వరసకి బావ కాదు, సొంత అక్క మొగుడు. ఈ స్టూడియోలో వైరు తెగినా, మైకు మూగపోయినా, ఇరవై ఏళ్ళుగా ఆయనకే కబురు వెళ్తుంది.

మేడమ్ కబురు పెట్టింది. స్టూడియో పెట్టినాయన పోయాక ఆయన కూతురే అన్నీ చూసుకుంటోంది. పనివాళ్ళంతా మేడమ్ అంటారు. గంటలో బావ సంచి భుజాన వేసుకుని వచ్చాడు.

“ఏరా బావమరిదీ, మళ్ళీ ఏం విరగ్గొట్టావు?”

“నేను విరగ్గొట్టింది లేదు. నువ్వు అతికించిందే ఊడింది.”

“నేను అతికించినవాటిలో ఇంతవరకు ఊడింది ఒక్కటే. మీ అక్క నోరు.”

మాస్టారు నవ్వాడు. బావ పెట్టె బోర్లించి, ఆరు స్క్రూలూ విప్పి, డబ్బా మూతలో దొర్లిపోకుండా పెట్టాడు. మూడో ఫేడరు ఊడదీసి దీపం కిందికి తెచ్చి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ఒంటి కన్నుతో లోపలికి చూశాడు. పుల్లకి దూది చుట్టి స్పిరిట్‌లో ముంచి పట్టీని తుడిచాడు. దూది వెలుగులో పెట్టి చూశాడు. తెల్లగానే ఉంది. ఇంకో దూది చుట్టాడు. అదీ తెల్లగానే వచ్చింది.

ముందు గదిలోంచి మేడమ్ పిలిస్తే మాస్టారు లేచి వెళ్ళాడు. పాట తాలూకు మనుషులు ఫోన్లో ఉన్నారట, సాయంత్రానికి కావాలంటున్నారట. అవదని, ఎల్లుండి ఇస్తామని చెప్పించి తిరిగి వచ్చేసరికి బావ పెట్టె బిగించేశాడు. తెర మీద ఏదో గీత ఉంది. మాస్టారు కుర్చీ లాక్కునేలోపే బావ దాన్ని తుడిచేశాడు.

“నువ్వోసారి జరిపి చూడు.”

మాస్టారు వేలు పెట్టి దించాడు. తెర మీద రంపం పళ్ళు పడ్డాయి.

బావ తెర వంక చూడలేదు. ఫేడరు మీదే కళ్ళు పెట్టి కూర్చున్నాడు. “ఇంకోసారి. మెల్లగా,” అన్నాడు. మాస్టారు ఇంకోసారి దించాడు. అవే పళ్ళు. బావ కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకోవడం మొదలెట్టాడు. ఒక అద్దం అయ్యాక రెండోది. మళ్ళీ మొదటిది.

గుమ్మంలోకి మేడమ్ వచ్చి నిలబడింది. “ఏమైంది?”

“సరిగ్గా కుదరలేదమ్మా,” అన్నాడు బావ.

“రెండోసారి కదండీ ఇది. మీరేమంటారు మాస్టారూ?”

పని ఆగిన చిరాకు మాస్టారి నెత్తిమీద ఉంది. మాట తక్కువ మనిషి నోట్లోంచి మాట వచ్చినప్పుడు అది రాయిలా వస్తుంది. “పాత సామానైతే బావకి తిరుగులేదు. ఇలాంటి చిన్నవాటికి ఆ చెయ్యి పనికిరాదు. కంపెనీ మనిషిని పిలవండి.”

అనేశాక గది కాస్త చిన్నదయినట్టు అనిపించింది. మేడమ్ తలూపింది. “అయితే ఇంక మీరు శ్రమపడొద్దు లెండి. మైకుల మరమ్మతూ అదీ అంతా కలిపి ఆ కంపెనీకే ఇచ్చేస్తాను.”

“మంచిదమ్మా,” అన్నాడు బావ. వాడిన దూది ముక్కలన్నీ ఏరి కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. టంకం పెట్టే ఐరన్ చల్లారిందో లేదో వేలితో తట్టి చూసి సంచిలో వేసుకున్నాడు. కోపం వస్తే నాలుగు వీధులు వినపడేలా తిట్టే మనిషి. తిట్టలేదు. వెళ్తూ వెళ్తూ మాస్టారి భుజం మీద చెయ్యి వేసి ఒకసారి నొక్కి వెళ్ళిపోయాడు. తిట్టుంటే బావుండేదని మాస్టారికి సాయంత్రం దాకా అనిపిస్తూనే ఉంది.

మర్నాడు కంపెనీ మనిషి వచ్చాడు. కూర్చోలేదు కూడా. పావుగంటలో పాత ఫేడరు పీకేసి కొత్తది వేసి, కాగితం మీద సంతకం పెట్టించుకుని పోయాడు. మాస్టారు దించాడు.

పళ్ళు.

తీగ అనుకున్నాడు. కొత్త తీగ పెట్టాడు. పళ్ళు. కంప్యూటర్ వెనక ఇంకో రంధ్రంలో గుచ్చాడు. పళ్ళు. మూడోదాని మీద లంకె తీసేసి అయిదోదానికి వేశాడు. గొంతు ఇప్పుడు అయిదో ఫేడరుకి జరుగుతోంది, అవే పళ్ళతో. పెట్టె మొత్తాన్నీ పక్కకి తోసేసి, మూలనున్న కీబోర్డు తెచ్చి దాని పక్కనుండే చిన్న చక్రానికి లంకె వేశాడు. చక్రం తిప్పాడు. పళ్ళు కొంచెం పెద్దవయ్యాయి. ఇక కంప్యూటరే చెడిపోయింది అనుకున్నాడు. సరుకు పాడవుతోందని డబ్బా మార్చి, గంప మార్చి, చివరికి కొట్టు మార్చినవాడి కథలా ఉంది. చెయ్యి తప్ప ఆయన మార్చనిది ఏదీ మిగల్లేదు. ఆ సంగతి మాత్రం తట్టలేదు. ముప్ఫై ఏళ్ళుగా ఆ చేతిని నమ్మే కదా మిగతావన్నీ సరిచూస్తున్నాడు.

మూడో రోజు పొద్దున మళ్ళీ పెట్టె తగిలించి, మూడో ఫేడరుకే లంకె వేసి, పాట నడిపించి, ఇంతలో గొంతు ఎండినట్టయి నీళ్ళకని బయటికి వెళ్ళాడు. రాసుకోమన్న బొత్తాం నొక్కే ఉంది. ఆపడం మర్చిపోయాడు.

చెంబు పట్టుకుని తిరిగి వచ్చేసరికి, ఊడ్చే ఆమె బల్ల తుడిచి గుడ్డ దులుపుకుంటోంది. తెర మీద గొంతు గీత పడి ఉంది. పైకి లేచింది, వాలింది, మళ్ళీ లేచింది, అడుగుదాకా దిగింది. ఎక్కడా ఒక్క పన్ను లేదు. అరచేత్తో అలికినట్టు నున్నగా ఉంది.

“ఇది ఎవరు జరిపారు?”

“అమ్మో! నేనేమీ ముట్టుకోలేదు బాబూ.”

“గుడ్డ తగల్లేదూ?”

“ముట్టుకోకుండా ఎలా తుడుస్తానండీ? దుమ్ముంటే నన్నే అంటారు, దుమ్ము తీస్తే నన్నే అంటారు.”

“ఏమీ అనను. ఇలా వచ్చి కూర్చో.”

“కుర్చీలోనా! మేడమ్ చూస్తే నన్ను నాతోనే ఊడ్పించి అవతల పోయిస్తుంది.”

“కూర్చో అమ్మా.”

ఆమె చీర కుచ్చెళ్ళు సర్దుకుని కుర్చీ అంచు మీద కూర్చుంది. సబ్బునీళ్ళకి పగిలిన వేలు మూడో ఫేడరు మీద పెట్టింది. మాస్టారు పాటని చివరి స్వరం దగ్గరికి తెచ్చాడు. “మెల్లగా కిందికి లాగు. నిద్రపోయే పిల్ల తల కింద నుంచి చెయ్యి తీస్తావు చూడు, అలా.”

“అదెంత పని. నలుగురికి తీశాను.”

ఆమె లాగింది. పదకొండు సెకన్లు. తెర మీద దారం పోసినట్టు గీత దిగింది. వెనక్కి తిప్పి వినిపించాడు. గొంతు వణకలేదు. మిగిలి, సన్నబడి, ఎప్పుడు పోయిందో తెలియకుండా పోయింది.

“బాగా చేశానా బాబూ?”

“బాగా చేశావు.”

“అయితే ఆ మాట మేడమ్‌తో చెప్పి నాలుగు రూపాయలు పెంచమనండి,” అని నవ్వుకుంటూ బకెట్టు తీసుకుని వెళ్ళిపోయింది.

మాస్టారు తలుపు వేశాడు. పాట రాసి ఉన్న కాగితం ఒకటి తీసి, కుడిచెయ్యి ముందుకు చాపి, వేళ్ళ మీద పరిచాడు. గదిలో పంకా లేదు. కిటికీలు మందపు గుడ్డలతో మూసి ఉన్నాయి. కాగితం అంచు కదులుతోంది. గాలికి కదిలినట్టు కాదు. పురుగు పట్టిన ఆకులా ఒకచోటే కొట్టుకుంటోంది. ఊపిరి బిగబట్టాడు. అయినా ఆగలేదు. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకున్నాడు. అప్పుడు ఎడమచెయ్యి కూడా కదిలింది, కుడిదాని వల్లో, దాని అంతట అదో తెలియలేదు.

కాగితం తీసి బల్ల మీద బోర్లించి కూర్చున్నాడు.

తర్వాత లేచి ముఖం కడుక్కుని వచ్చి పని మొదలుపెట్టాడు. పాట ఇవ్వాల్సిన రోజు అది. ఊడ్చే ఆమె గీత ఉంచుదామా అనుకున్నాడు. కానీ పాట మొత్తం ఆమె చేత చేయించలేడు. తన చేత్తోనే మొదటి నుంచి చివరిదాకా గొంతు జరిపాడు. ఎక్కడ పెంచాలో, ఎక్కడ ఊపిరి దాచాలో, అదంతా చేతికి ఇంకా తెలుసు. పళ్ళొక్కటే ఎక్కువ. కంప్యూటర్‌లో దానికి మందుంది. గీతలో అక్కర్లేని చుక్కలు ఏరేసి నున్నగా చెయ్యమంటే చేస్తుంది. ఒక్క బొత్తాం. పళ్ళన్నీ రాలిపోయాయి.

సాయంత్రం పాట విని మేడమ్ తల పంకించింది. “చూశారా? కొత్త ఫేడరు పడేసరికి ఎంత తేడా వచ్చిందో. ముందే పిలిచి ఉండాల్సింది కంపెనీ వాళ్ళని. పాపం మీ బావగారిని మొహమాటానికి ఇన్నాళ్ళు మోశాం.”

మాస్టారు వచ్చి పెట్టె మీద గుడ్డ కప్పాడు. సైకిలు తీసి తొక్కకుండా నడిపించుకుంటూ ఇంటికి వెళ్ళాడు. దారంతా హ్యాండిలు పట్టుకున్న చేతినే చూసుకున్నాడు. బరువు ఆనించి గట్టిగా పట్టుకున్నంతసేపూ అది బుద్ధిగానే ఉంది.

ఇక నోరు మూసుకుంటే సరిపోతుంది. ఒక్క బొత్తాంతో ఏడాది గడిచిపోవచ్చు, రెండేళ్ళయినా గడవచ్చు. బావ చేతకానివాడుగా మిగిలిపోతాడు, అంతే. ఇరవై ఏళ్ళు నడిచి వచ్చిన గుమ్మంలోంచి, బావమరిది చెప్పిన మాట మీద, దూది ముక్కలు ఏరుకుని వెళ్ళిపోయాడు. ఆ ఏరుకోవడమే కళ్ళల్లోంచి పోవడం లేదు.

మర్నాడు పొద్దున్నే మేడమ్ గదిలోకి వెళ్ళి నిలబడ్డాడు. ఆమె ఏవో కాగితాలు చూస్తోంది.

“మేడమ్, ఫేడరులో ఏ దోషమూ లేదు. బావ బాగానే చేశాడు. నా చెయ్యి వణుకుతోంది.”

ఆమె పెన్ను కింద పెట్టింది. “ఎప్పట్నుంచి?”

“తెలీదు. గీతలో చూసేదాకా నాకే తెలీదు.”

“డాక్టరుకి చూపించుకున్నారా?”

“ముందు మీకు చెబుదామని.”

ఆమె కూర్చోమంది. ఆయన కూర్చోలేదు. ఆమె మనిషి చెడ్డది కాదు. ముఖంలో జాలి నిజంగానే ఉంది. జాలి పడుతూనే అడిగింది. “మరి నిన్నటి పాట అంత బాగా ఎలా వచ్చింది మాస్టారూ?”

“కంప్యూటర్‌లో పళ్ళు గీకేశాను. దానికో బొత్తాముంది.”

“అంటే చెయ్యి ఎలా ఉన్నా ఫరవాలేదన్నమాట.”

ఆమె వెటకారంగా అనలేదు. కూడిక తీసివేత చేసుకుంటున్న మనిషిలా అంది. మాస్టారు చెప్పిన మాటే ఆమె నోట్లోంచి ఇంకోలా బయటికి వచ్చింది. దాన్ని వెనక్కి తీసుకునే దారి ఆయనకి కనపడలేదు.

“మీకెలా చెప్పాలా అని నేనే అనుకుంటున్నాను,” అంది కాగితాలు సర్దుతూ. “మా చిన్నాన్న కూతురు ఈ పనే నేర్చుకుంది. పెట్టె, ఫేడర్లు ఏమీ అక్కర్లేదట. ఇంట్లో కూర్చుని మౌసుతో గీతలు గీసి పంపిస్తానంటోంది. మీరుండగా ఎందుకులే అని ఊరుకున్నాను. ఇప్పుడు మీకూ విశ్రాంతి కావాలి కదా. నెలాఖరు దాకా ఉండండి.”

“బావని మళ్ళీ పిలుస్తారా?”

“పెట్టే తీసేస్తుంటే ఏం బాగుచెయ్యమని పిలవను? మిగతావి కంపెనీకి రాసిచ్చేశాను.”

“పోనీ ఆయన తప్పు లేదని ఒక్కమాట ఫోన్ చేసి చెప్పండి.”

“అలాగే, చెప్తాను,” అని పెన్ను తీసుకుంది. చెప్పదని ఆ తీసుకోవడంలోనే తెలిసింది.

అక్క ఇల్లు రెండు వీధుల అవతల. మధ్యాహ్నం కావస్తోంది. అక్క వాకిట్లో కూర్చుని బియ్యం చెరుగుతోంది. తమ్ముణ్ణి చూసి చాట పక్కన పెట్టింది.

“వచ్చావా! నువ్వన్నా అడగవేంరా ఆ మహాతల్లిని? ఇరవై ఏళ్ళు చేసినవాణ్ణి కుక్కని తరిమినట్టు తరిమేస్తుందా? ఎందుకు తీసేశారంటే ఈయన నోరు విప్పడు. నాకు తెలుసు, ఎవడో పక్కనుండి ఊదాడు. అలా ఊదినవాడి చేతులు పడిపోను!”

“ఊరుకోవే!” లోపల్నుంచి బావ గొంతు గట్టిగా వచ్చింది. “ఊరికే నోరు పారేసుకోకు. వాణ్ణి లోపలికి రానీ.”

బావ కిటికీ పక్కన బల్ల దగ్గర ఉన్నాడు. ఎవరిదో రేడియో విప్పి ఉంది. ఐరన్ వేడెక్కుతోంది. మాస్టారు ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాడు. చేతులు రెండూ మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు.

“బావా, నీ పనిలో తప్పు లేదు.”

“ఆఁ.”

“నా చెయ్యే.”

“ఆఁ,” అని బావ టంకం తీగ కొన సాగదీశాడు.

“నీకు తెలుసా?”

“ఆవేళే తెలుసు. నువ్వు ముందు గదిలోకి వెళ్ళినప్పుడు నేను జరిపి చూశాను. తాడు వేసినట్టు పడింది గీత. నువ్వు వచ్చి జరిపావు. చూశాను.”

“మరి నోరు తెరిచి చెప్పి చావచ్చుగా!”

“ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంటే ఏం చెప్పమంటావు? ఫేడరు పోతే ఇంకో ఫేడరు దొరుకుతుంది.” ఐరన్ మొనని తడి స్పాంజికి తుడిచాడు. అది చుయ్యిమంది. “మాట పడితే పడ్డాను. నాకీ రేడియోలున్నాయి, వీధిలో వాళ్ళ పంకాలున్నాయి. నీకు ఆ కుర్చీ తప్ప ఏముంది? మెల్లగా నీ అంతట నువ్వే తెలుసుకుంటావు, ఏదో ఉపాయం చూసుకుంటావు, నాలుగేళ్ళు లాగుతావు అనుకున్నాను.”

“ఇవాళ చెప్పేశాను బావా.”

“ఎవరికి?”

“మేడమ్‌కి.”

బావ చేతిలో ఐరన్ ఆగిపోయింది. దాన్ని స్టాండులో పెట్టాడు. మొదటిసారి తిరిగి మాస్టారి ముఖంలోకి చూశాడు.

“ఎవడు చెప్పమన్నాడురా నిన్ను?”

“నీ తప్పు లేదని...”

“నన్ను రమ్మందా?”

“లేదు.”

“నీ సంగతి?”

“నెలాఖరు దాకా.”

బావ మళ్ళీ బల్ల వైపు తిరిగాడు. కిటికీ అవతల ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. రేడియో లోపలి తీగ ఒకటి గోటితో పైకెత్తి, మళ్ళీ వదిలేశాడు.

“అంటే నేను పడ్డ మాట కూడా దండగ చేశావు,” అన్నాడు.

అందులో కోపం లేదు. చేను మునిగిపోయాక గట్టు మీద నిలబడి, ఎన్ని బస్తాలు పోయాయో చెప్పేవాడి గొంతులా ఉంది. మాస్టారు తల వంచుకున్నాడు. క్షమించమని అడుగుదామనుకున్నాడు. కానీ ఇద్దరిలో ఎవరు ఎవర్ని అడగాలో తెలియలేదు.

“అన్నం పెట్టాను, రండి,” అని అక్క కేకేసింది. “తమ్ముడూ, నువ్వూ తినే వెళ్ళు. ముఖం చూడు ఎలా పీక్కుపోయిందో.”

బావ ఐరన్ తీగ గోడలోంచి పీకి లేచాడు. ముగ్గురూ నేల మీద కూర్చున్నారు. అక్క అన్నం వడ్డించి కూర వేసింది. ఇంకా మేడమ్‌ని నాలుగు అందామని నోరు తెరిచి, ఇద్దరి ముఖాలూ చూసి మూసుకుంది.

మాస్టారు అన్నం కలిపాడు. ముద్ద చేసి ఎత్తితే నాలుగు మెతుకులు కంచంలో రాలాయి. ఇంకో ముద్ద చిన్నది చేశాడు. కంచం మీదికి బాగా వంగి తిన్నాడు.

బావ చెంబు తీసుకుని మాస్టారి గ్లాసులో నీళ్ళు పోశాడు. సగానికి పోసి ఆపాడు. అక్క అది చూసి, నిండా పోద్దామని చెంబు అందుకుంది. బావ తల అడ్డంగా ఊపాడు. ఆమెకి అర్థం కాలేదు. మొగుడి వంక చూసింది. తమ్ముడి గ్లాసు వంక చూసింది. మాస్టారు గ్లాసు ఎత్తాడు. లోపల నీళ్ళు ఒక అంచు నుంచి ఇంకో అంచుకి కొట్టుకున్నాయి గానీ, సగమే కాబట్టి ఒలకలేదు.

అక్క చెంబు కింద పెట్టింది. చప్పుడు కాకుండా పెట్టింది. తర్వాత తన కంచం దగ్గరికి లాక్కుంది. ముగ్గురూ తల వంచుకుని తిన్నారు.